పిడి లేని బరువు

"ఇనప కడ్డీ ఎత్తండి పిన్నిగారూ, పట్టు దొరుకుతుంది," అంది జిమ్ కోచ్.

అరవై ఏడేళ్ల దర్జీ పిన్ని ఒప్పుకోలేదు. "ఇసక మూటే ఇవ్వు. యాభై ఎనిమిది కిలోలు. తడిపి ఇవ్వు."

"తడిస్తే జారిపోదూ!"

"జారనీ."

ఏడు నెలల కిందట వంగితే లేవలేని మనిషి. ఇవాళ ఊపిరి బిగబట్టి, మూటను గుండెలకు హత్తుకుని నిటారుగా లేచింది.

"శభాష్! ఇక కింద పడేయండి!"

పిన్ని పడేయలేదు. మెల్లగా మోకాళ్ల మీద కూర్చుని, మూట ఒక కొస కింద అరచెయ్యి పెట్టి పడుకోబెట్టింది.

"మీ బాబాయి స్నానాలగదిలో పడ్డారు. లేపబోతే తడి ఒళ్లు, నా చేతుల్లోంచే జారారు. తల నేలకి కొట్టుకుంది. ఆ దెబ్బకే పోయారు."

కోచ్ తువ్వాలు అందించింది.

పిన్ని మూటను తువ్వాలుతో తుడుస్తూ దాని మీదికి వంగింది.

"దెబ్బ తగల్లేదు కదండీ?"