ఏడో తొట్టిలో ఆడచేప

“ఏడో తొట్టిలోకి ఆడచేప ఎలా వచ్చిందిరా?”

చేతివలలో గిలగిల్లాడుతున్న చేపను బావమరిది ముఖం ముందు ఆడించాడు చేపపిల్లల కేంద్రం యజమాని. దాని దవడ ఉబ్బి ఉంది. నోటినిండా గుడ్లు. ఈ జాతిలో గుడ్లను నోట్లో పెట్టుకుని పొదిగేది ఆడదే. మగది చచ్చినా ఆ పని చెయ్యదు.

బావమరిది ఒక అడుగు వెనక్కి వేశాడు. “నాకేం తెలుసు బావా?”

“తాళం నీ జేబులో ఉంటే, తెలియాల్సింది నాకా?”

యజమాని అమ్మేది మగపిల్లల్నే. చెరువులోకి నాలుగు ఆడవి పోయాయంటే చాలు, పిల్లల మీద పిల్లలు పెట్టి చివరికి చెరువంతా వేలెడంత చేపలే మిగులుతాయి. కొన్నవాళ్ళు వచ్చి చొక్కా పట్టుకుంటారు. ఆ బెడద వదిలించడానికే చేపల డాక్టరమ్మ మూడేళ్ళు తంటాలుపడి పన్నెండు చేపల్ని తయారుచేసి ఏడో తొట్టిలో వదిలింది. “వీటికి పుట్టేవన్నీ మగపిల్లలే. కంటికి రెప్పలా చూసుకోండి,” అని మరీ మరీ చెప్పి వెళ్ళింది. పన్నెండూ మగవేనని ఆయన నమ్మకం. అలాంటి తొట్టిలో ఆడదా! ఆయన తొట్టి మీదికి వంగి లెక్కపెట్టాడు. నీళ్ళలో పదకొండు, వలలో ఒకటి. లెక్క సరిపోయింది. సరిపోవడమే ఆయనకు నచ్చలేదు. అంటే ఎవడో ఒక మగదాన్ని దాటించేసి, దాని బదులు దీన్ని పెట్టాడన్నమాట.

పనివాళ్ళు చాటుగా ఆయన్ని భూతద్దం అంటారు. ఊరికే అనరు మరి.

“మొన్న మేత బస్తాల వెనక నక్కి ఫోన్లో ఎవరితోరా ఆ గుసగుసలు? నన్ను చూడగానే కట్ చేశావు.”

“అదీ... చెప్పకూడదు బావా.”

“చెప్పకూడదా! పక్క కేంద్రం వాడి వ్యాను మన మలుపులో ఎందుకు ఆగిందో, అదీ చెప్పకూడదా?”

“టైరు మార్చుకుంటున్నారేమో.”

“నా చెవిలో పువ్వు కనబడుతోందా నీకు?”

ఆ అరుపులకు చేప బెదిరి గుడ్లన్నీ కక్కేసింది. ఆయన ఒక్క బకెట్టు నీళ్ళు కుమ్మరించి వాటిని కాలవలోకి తోసేశాడు. బావమరిది “అయ్యో బావా!” అంటూ పరుగెత్తాడు గానీ అప్పటికే కొట్టుకుపోయాయి. వాడి ముఖం పాలిపోయింది. ఆ పాలిపోవడం చూసి యజమానికి ఉన్న కాస్త అనుమానమూ తీరిపోయింది. దొంగ దొరికాడు.

చేప రెక్క చివర చిటికెడంత కత్తిరించి, సీసాలో వేసి డాక్టరమ్మకు పంపాడు.

“పరీక్షలో ఇది బయటి చేపని తేలనీ. నిన్ను స్టేషన్లో అప్పగించకపోతే అడుగు. మీ అక్క కాళ్ళావేళ్ళా పడ్డా వదలను.”

చేపను అక్కడే ఉంచితే వీడు మాయం చేస్తాడని బకెట్లో వేసుకుని ఇంటికి తెచ్చాడు. గాలి గొట్టం పెట్టి పెరట్లో ఉంచాడు.

“వాడు అలాంటివాడు కాదండీ!” భార్య కళ్ళనీళ్ళు పెట్టుకుంది. “చిన్నప్పట్నుంచీ నేను ఎత్తుకుని పెంచానండీ వాణ్ణి.”

“నీ పెంపకం ఎలాంటిదో ఆ బకెట్లో ఈదుతోంది చూడు. అదే సాక్ష్యం. రేపు దాన్ని తీసుకెళ్ళి స్టేషన్లో బల్ల మీద పెడితే వాడే నిజం కక్కుతాడు.”

ఆమె కళ్ళు తుడుచుకుంది. బకెట్టు వంక చాలాసేపు చూసింది.

మర్నాడు మధ్యాహ్నం ఆయన భోజనం మధ్యలో ఉండగా డాక్టరమ్మ ఫోన్ చేసింది.

“చెప్పండి డాక్టరమ్మా, బయటి చేపే కదూ?” కూర ముక్క నోట్లో పెట్టుకుంటూ అడిగాడు.

“బయటిదేమిటండీ? మన పన్నెండింట్లోదే! పుట్టుక మగపుట్టుకే. దాని ఒంట్లో రెండూ వై క్రోమోజోములే. పిల్లగా ఉన్నప్పుడు మందు కలిపిన మేత పెట్టి దాన్ని ఆడదాన్ని చేశాను. వందల పిల్లల్లో అలా మారి బతికింది అదొక్కటే. దాని గుడ్లలో ప్రతి పిల్లా మగదే. మన పంట పండించే తల్లి అదేనండీ!”

ఆయన చేతిలో ముద్ద ఆగిపోయింది. “మరి... నాకెందుకు చెప్పలేదు?”

“మీ నోట్లో నువ్వుగింజ నానదు కదా! పక్క కేంద్రం వాళ్ళకు తెలిస్తే వలేసుకుపోరూ? అందుకే మీ బావమరిదికి ఒక్కడికే చెప్పి, ఎవరికీ చెప్పనని ఒట్టు వేయించుకున్నాను. పాపం, దానికి ఎలా ఉందో రోజూ ఫోన్లో చెప్పేవాడు. సాయంత్రం వస్తున్నాను. చేప జాగ్రత్త!”

ఆయన ఎంగిలి చేత్తోనే పెరట్లోకి పరుగెత్తాడు. గాలి గొట్టం ఖాళీ బకెట్లో బుస్సుమంటోంది.

“ఏమేవ్! బకెట్లో చేప ఏదే?”

భార్య తాపీగా గరిటె పట్టుకుని గుమ్మంలోకి వచ్చింది.

“మీ సాక్ష్యమా? సగం మీ కడుపులో ఉంది, సగం మీ కంచంలో ఉంది. ఇక మా తమ్ముణ్ణి ఎలా పట్టిస్తారో నేనూ చూస్తాను!”