చేప బతికిన నీళ్ళు

"ఏటి సేత్తన్నావు నా బావి కాడ?"

అప్పలసూరి గొంతుకి ఆ కొత్త మనిషి చేతిలో బొక్కెన ఆగిపోయింది.

కవిటి పక్క ఊరది. రెండేళ్ళలో అప్పలసూరి ఉండే వీధిలోనే ఐదుగురు కిడ్నీ జబ్బుతో పోయారు. తన భార్య రత్నాలమ్మకి అది రాకూడదని అప్పలసూరి మొక్కని దేవత లేదు.

"పురుషోత్తం అంటారండి. విశాఖ యూనివర్సిటీ నుంచి వచ్చాను. మీ వీధి బావుల నీళ్ళలో పదిహేను రోజులు చేపల్ని పెట్టి చూస్తాను."

"సూసీదేటి? నా బావిలో కొర్రమట్ట సేప మూడేళ్ళుగా ఈదతంది. సేప బతికిన నీళ్ళు మంచియ్యే. మా తాతలనాటి మాటది."

"బతకడం వేరు, బాగుండడం వేరండి. విషం తగిలినా చేప పైకి మామూలుగానే ఉంటుంది. లోపల మాత్రం కొన్ని జన్యువులు లేచి పని మొదలెడతాయి. దొంగ గోడ దూకగానే లేచే కుక్కల్లాగ. వాటినే చూస్తాను."

"సెప్పీవోడికి ఇనీవోడు లోకువ."

తాగే నీళ్ళకే వంక పెడతాడా అని అప్పలసూరికి ఒళ్ళు మండింది. వీధి వీధంతా చుట్టూ చేరింది.

"ఓ పని సెయ్యి బాబూ. నీ సేపలున్నన్నాళ్ళూ నా బావినీళ్ళు పొద్దున్నే సెంబుడు నువ్వూ తాగు. లేదంటే ఈ ఊర్లో సుక్క ముట్టుకోనివ్వం."

పురుషోత్తం చెంబు వంక కాసేపు చూశాడు. ఎత్తి గటగటా తాగేశాడు.

పదిహేను రోజులూ తాగాడు. అప్పలసూరి దగ్గరుండి మరీ తాగించాడు.

నెలకి ఉత్తరం వచ్చింది.

'మీ బావినీళ్ళలో చేపలన్నీ బతికాయి. కానీ వాటి కిడ్నీల్లో ఆపదకు లేచే జన్యువులు లేచాయి. మిగతా బావుల చేపల్లో అంతగా లేవలేదు. కారణం తేలేవరకు ఆ నీళ్ళు తాగకండి.'

"బతికాయని ఆడే రాసినాడు," అని నవ్వి అప్పలసూరి ఉత్తరాన్ని చూరులో దోపాడు. రత్నాలమ్మ ఆ పూటా ఆ నీళ్ళే తోడింది.

ఏడాది తిరక్కుండా ఆమె కాళ్ళు పొంగాయి. రక్తపరీక్ష కాగితం చూసి టెక్కలి డాక్టరు, కిడ్నీలు దెబ్బతిన్నాయి విశాఖ తీసుకెళ్ళమన్నాడు. అప్పలసూరి భార్యను అక్కడి ఆసుపత్రిలో చేర్చి, ఉత్తరం పట్టుకుని యూనివర్సిటీకి పరుగెత్తాడు.

"సారు లేరండీ," అంది పురుషోత్తం దగ్గర పనిచేసే ప్రమోదిని. "ఒంట్లో బాగోక సెలవు పెట్టారు."

"ఆ మారాజు మాట ఇనలేదమ్మా. పైగా నా బావినీళ్ళు ఆయనసేత తాగించీసినాను. పదిహేను రోజులు. తప్పయిపోనాది."

ప్రమోదిని కుర్చీలోంచి లేచింది.

"తాగారా? మాతో ఒక్క మాట కూడా చెప్పలేదు. ఆయనకున్నది ఒక్కటే కిడ్నీ అండీ, రెండోది మీ పక్కనే కవిటిలో ఉండే తన చెల్లెలికి ఎప్పుడో ఇచ్చేశారు."