నిప్పుల రాజు

"ఆ రాజును నేనే బాబూ."

చర్చి హాల్లో సంతకాల కోసం వరుసలో నిలబడ్డవాళ్ళంతా ఆ మాటకు అటు తిరిగారు.

రచయిత కలం ఆపి తలెత్తాడు. ఎదురుగా ఒక ముసలాయన. అంత ఉక్కపోతలోనూ ఊలు టోపీని చెవుల కిందికి లాక్కుని ఉన్నాడు.

రచయితకు ఇలాంటివాళ్ళు కొత్త కాదు. పోయిన నెల ఒకాయన, నవలలోని డ్రాగన్ తనేనని పట్టుకుని వదల్లేదు.

"నిప్పుల రాజుగారా? కిరీటం ఇంట్లో మరిచిపోయినట్టున్నారు."

అందరూ నవ్వారు. ముసలాయన కూడా నవ్వాడు.

"రాజునేమిటి లెండి, గోదాములో మూటలు మోసేవాణ్ణి. పక్కిల్లు తగలబడుతుంటే ఒక పిల్లాణ్ణి భుజాన వేసుకొచ్చాను. ఆ పిల్లాడు మీరేనని మొన్న మీ ప్రసంగం వింటే తెలిసింది. ఒకసారి చూసి పోదామని."

రచయిత నవ్వు ఆగిపోయింది.

ఐదేళ్ళప్పుడు తమ ఇల్లు కాలిపోయిన సంగతి ఆయన ప్రతి సభలోనూ చెబుతాడు. ఎవరో తనను మంటల్లోంచి ఎత్తుకొచ్చి, అమ్మ ఒడిలో పడేసి, మళ్ళీ పొగలోకే వెళ్ళిపోయారు. ఎంత వెతికినా కనబడలేదు.

"వచ్చింది ప్రభువేరా," అంది అమ్మ. కన్నుమూసేదాకా ఆ మాట మార్చలేదు.

ఆయన విశ్వాసమంతా ఆ మాట మీదే నిలబడింది. ఆ ప్రభువే నవలల్లో నిప్పుల రాజయ్యాడు. ఒక్క సంగతి మాత్రం, సిగ్గేసి, ఏ పుస్తకంలోనూ పెట్టలేదు. అది అమ్మకు తప్ప ఎవరికీ తెలియదు.

"నన్ను తెచ్చింది మనిషి కాదు. దేవుడు చేసిన పనికి నువ్వు పేరు కొట్టేస్తావా? సిగ్గు లేదూ?"

ముసలాయన చెయ్యి టోపీ మీదికి వెళ్ళింది. ఏదో చూపించబోయి మానుకున్నాడు.

"పోనీ లెండి. అమ్మగారు చెప్పిందే నిజమనుకోండి. బతికారు, నాకదే చాలు."

"పక్కకి జరుగు. వెనక జనం ఎదురుచూస్తున్నారు."

ముసలాయన జరిగాడు.

వారం తర్వాత అదే హాల్లో శవపేటిక పెట్టారు. పాస్టరుగారు కబురు చేస్తే రచయిత వచ్చాడు.

"బస్టాండులో పోయాడటండీ. నా అన్నవాళ్ళు లేరు. సంచిలో మీ నవల ఉంది. మీకు తెలిసినవాడా?"

రచయిత పేటికలోకి చూశాడు. అదే టోపీ. తెలుసంటే ఆ రోజు సంగతి బయటికొస్తుంది. మంచి పేరుకు మచ్చ.

"తెలీదు."

"ఎక్కడా చూడలేదా?"

"లేదన్నాను కదండీ."

"సరే, ఎవరైతేనేం. నాలుగు మంచి మాటలు చెప్పి సాగనంపండి. మీ పుస్తకంలోదైనా చదవండి."

రచయితకు ఆ పేజీ కంఠతా వచ్చు. గొంతు సవరించుకుని మొదలుపెట్టాడు.

"రాజు మారువేషంలో వచ్చి తలుపు తట్టాడు. లోపలివాళ్ళు ఆయన్ని ఆనవాలు పట్టలేదు..."

"ఒక్క నిమిషం," అన్నాడు పాస్టరుగారు. "టోపీతో పంపితే ఏం బాగుంటుంది, జుట్టు దువ్వుదాం."

టోపీ తీశాడు. ఎడమ చెవి తమ్మె సగం లేదు.

మంటల మధ్య, ఎత్తుకొస్తున్నవాడి భుజం మీద, భయంతో ఆ ఐదేళ్ళ పిల్లాడు కొరికేసిన చెవి అది.