పైడితల్లి చేసే పని

అభ్యర్థి తన వృత్తి గురించి ఏం చెప్పుకుంటే అది బ్యాలెట్ మీద వేసే రోజులు పోయాయి. అందరి చేతులకూ ఉండే, కదలికలు నమోదుచేసే పట్టీ ఏడాదంతా ఏం చూసిందో అదే వృత్తి. విజయనగరంలో కార్పొరేటరుగా నిలబడిన పైడితల్లి పేరు పక్కన "ఖాళీగా కూర్చోవడం" అని వచ్చింది.

"నాను ఖాళీగా కూకున్నానా బాబూ?" అని ఆమె ఎన్నికల అధికారిని అడిగింది.

"రోజూ పెద్దాసుపత్రిలో కూర్చున్నారని పట్టీ చెబుతోందమ్మా. జీతం లేదు, కదలిక లేదు. కావాలంటే గృహిణి అని మార్చుకోండి. జీతం లేనివాళ్లకు ఆ ఒక్క మార్పుకీ రూలు ఒప్పుకుంటుంది."

"ఇంట్లో ఉంటేగదా గృహిణిని! పక్కనెవరూ లేనోల్ల మంచాల కాడ తోడున్నాను. అదే రాయండి."

"అలాంటి వృత్తి రూల్లో లేదమ్మా."

పైడితల్లికి కళ్లలో నీళ్లు తిరిగాయి. అయినా మార్పుకు ఒప్పుకోలేదు.

"అయితే అలాగే ఉంచండి. మిగతాది నాను సెప్పుకుంటాను," అని లేచింది.

ఆ సాయంత్రమే ప్రచారానికి బయల్దేరి, మొదటి ఇంట్లో సన్యాసప్పడికి నమూనా బ్యాలెట్ చూపించింది. ఆ మధ్యే భార్యను పోగొట్టుకున్న మనిషి. తన పేరు పక్కనున్న మాటలు ఆమే చదివి వినిపించింది. అతను చెప్పులు తొడుక్కుని వీధిలోకి వచ్చాడు.

"మా ఆడది పోయినప్పుడు నాను డ్యూటీలో ఉన్నాను. దాని సెయ్యి ఒగ్గకుండా కూకున్నది నువ్వే గదమ్మా. పద, పక్కింట్లో నాను సెప్తాను."