ఇమ్మానియేలు దిగ్విజయం

మిరపకాయలు ఆరబోసిన కల్లంలో సగం ఊడ్చి షామియానా వేశారు. మేళం మోగింది. ఆరడుగుల ఏడంగుళాల ఇమ్మానియేలు కారులోంచి విడతలు విడతలుగా దిగాడు. ముందు కాళ్లు, చాలాసేపటికి తల.

పొదిలి దాపున ఉన్న ఆ పల్లె, పదమూడో ఏట అతణ్ణి స్పోర్ట్స్ హాస్టలుకు సాగనంపినప్పుడు "ఒరేయ్ నిచ్చెనా" అని పిలిచేది. ఇప్పుడు "అయ్యగారూ" అంటోంది.

నడుమ జరిగింది సాక్షాత్తు దిగ్విజయయాత్ర. మాల్దీవుల్లో ఒక సీజను. మంగోలియాలో సగం సీజను. జార్జియాలో రెండో డివిజను. కాంబోడియాలో ఎవరిదో చీలమండ విరిగిన పుణ్యాన దొరికిన కొన్ని నెలలు. బాస్కెట్‌బాల్ అనే మహాసామ్రాజ్యంలో అతడు కాలుపెట్టని పొలిమేర లేదు, కాలూనిన రాజధానీ లేదు. ప్రతి క్లబ్బూ అతణ్ణి తోరణాలు కట్టకుండా పిలిచి, వీడ్కోలు చెప్పకుండా పంపేసింది. చివరి క్లబ్బు పోయిన నెలలోనే పంపేసింది, వాట్సాప్‌లో, నమస్కారం బొమ్మ పెట్టి.

అందుకే ఈ మేళం అతనికి కావాలి. లోకంలో ఎక్కడో ఒకచోట, ఒక్కసారి, తాను గొప్పవాడినని ఎవరైనా అనాలి. ఆ మాట చెవిన పడకుండా ముసలివాడైపోవడం అతనికి సమ్మతం కాదు.

షామియానా గుంజకు ఫ్లెక్సీ వేలాడుతోంది. ఎప్పుడో తాను ఊరిపెద్ద వెంకయ్య ఫోనుకు పంపిన ఫొటోయే. కిక్కిరిసిన హాలు, మధ్యలో రెండు చేతులూ ఆకాశానికెత్తి, చూపు పైకి నిలిపి తాను. ఆ చేతులపైన ఉండాల్సిన బంతి మాత్రం లేదు. పేరు పెద్దక్షరాల్లో వేయడానికి చోటు చాలక కత్తిరించి ఉంటారని తేల్చుకుని, ఫ్లెక్సీవాణ్ణి మనసులోనే క్షమించాడు.

వెంకయ్య మైకు అందుకున్నాడు.

"అయ్యగారూ, ఆ దేశాల్లో జనం బాగా వస్తారా అండీ?"

"హాలు చాలదండీ. మెట్లమీద కూడా కూర్చుంటారు. చివరి నిమిషాల్లో కొందరు ఏడుస్తారు."

"ఇన్నార్రా? బాస రాకపోయినా ఏడుస్తారంట," అన్నాడు వెంకయ్య జనంకేసి తిరిగి. "మరి తిండీ తిప్పలూ ఎట్టాగండీ?"

"ముందురోజు పెద్దగా తినమండీ. పొట్ట బరువుంటే గాల్లోకి ఎగరలేం."

"గాల్లోకి కూడానా?"

"అదే కదండీ పని. ఈమధ్య తగ్గింది. మోకాళ్లు అరిగిపోయాయి."

ఆడవాళ్ల వైపు నుంచి మస్తాన్‌బీ లేచొచ్చింది.

"ఏదీ నాయనా, ఒక్కసారి చూడనీ."

ఇమ్మానియేలు ప్యాంటు పైకి లాగాడు. మొద్దుబారి, మచ్చలు కట్టిన మోకాళ్లు. ఆడవాళ్లు కొంగులు కళ్లకద్దుకున్నారు. మిరప ఘాటేమో అనుకుని, కాదు, అభిమానమేనని దిద్దుకున్నాడు. ఖండాంతరాల్లో ఏ డాక్టరూ ఆ మోకాళ్లను ఇంత గౌరవంగా చూడలేదు.

ఒక్క క్షణం ఏదో తేడాగా తోచింది. ఇంతసేపటిలో ఒక్కరైనా స్కోరు అడగలేదు. కానీ మెడలో బంతిపూల దండ చల్లగా, బరువుగా ఉంది. అడిగి చెడగొట్టుకోవడం దేనికని ఊరుకున్నాడు.

అప్పుడు ముందు వరసలోంచి ఎలీసమ్మ లేచింది. మిరపకోతలకు పోయే మనిషి. మనవరాలు స్తుతిని రెక్క పట్టుకుని తెచ్చింది. పిల్ల పుల్లలా ఉంది, కళ్లు మాత్రం చురుకు.

"అయ్యగారూ, దీనికి సుగరండి. పసిదానప్పట్నించీ పూటపూటా సూది. గుంటూరు డాక్టరు బతికినన్నాళ్లూ పొడవాల్సిందే అన్నాడు. పొడిచేది నేనే గదండీ. అది ఏడవదు. నేనే ఏడుస్తా."

ఇమ్మానియేలు గుండె కరిగింది.

"మా టీములో ఒకడికి ఇదే జబ్బమ్మా. ఇప్పుడు వాణ్ణి చూడాలి, పట్టుకున్నా ఆగడు."

"మీ చేతికిందికొచ్చాకేనా?"

"నా చేతికిందే తయారయ్యాడు."

"దీనిమీద కూడా ఓ చెయ్యి వెయ్యండి బాబూ."

బంతిని ఒంటిచేత్తో అవలీలగా ఎత్తే ఆ అరచెయ్యి పిల్ల తలను టోపీలా కప్పేసింది.

"అమ్మమ్మా, ఈయన చెయ్యి చాటంత ఉందే," అంది స్తుతి, నవ్వాపుకోలేక.

ఎలీసమ్మ "ష్" అంది. కల్లమంతా మాట పడిపోయింది. ఫ్రీ త్రో వేసేముందు సొంత హాల్లో ఆవరించే నిశ్శబ్దం అది. సొంత హాలు అనేది అతనికి ఇన్నేళ్లకు దొరికింది.

"భయంలేదమ్మా," అన్నాడు మైకులో, మహారాజు వరమిచ్చే గొంతుతో. "ఇది లేడిపిల్లలా ఎగురుతుంది, చూస్తూండండి."

చప్పట్లు కొట్టేవాళ్లు కొట్టారు, కాళ్లమీద పడేవాళ్లు పడ్డారు. రెండురోజులపాటు ప్రతి ఇంటా కోడికూర. ప్రతి గుమ్మంలోనూ ఎవరో ఒకరు తల వంచి అతని చేతికోసం నిలబడ్డారు. ఆటోగ్రాఫు ఒక్కరూ అడగలేదు. పల్లెటూరి బిడియమని సరిపెట్టుకున్నాడు.

మూడోనాటి మధ్యాహ్నం, అతని చెయ్యి పడిన గడియనుంచీ సూది ముట్టించని మనవరాలిని దుప్పట్లో చుట్టి మోసుకొచ్చి, అతని కాళ్లముందు పడుకోబెట్టి, "పిలవండి అయ్యగారూ, మీరు పిలిస్తే లేస్తుంది" అని ఎలీసమ్మ అన్నప్పుడుగాని, ఫారిన్‌లో ప్లేయర్‌గా చేస్తున్నానని ఏనాడో ఫోనులో తాను చెప్పిన మాట ఈ ఊరి చెవికి 'ప్రేయర్' చేస్తున్నానని చేరిందని ఇమ్మానియేలుకు తెలియలేదు.