బ్రేకు మాస్టారి శిష్యురాలు

“చిన్న గేరు! చిన్న గేరులోకి రావాలమ్మాయ్, మోకాళ్ళు అరిగిపోతాయి!”

బ్రేకు మాస్టారు మెడ వెనక్కి తిప్పి అరిచారు. ద్రాక్షతోటల మధ్య కంకర దారి మీద, పది గజాల వెనక వస్తున్న అమ్మాయి “అలాగేనండీ!” అని గేరు మార్చింది.

మాస్టారు ముప్ఫై నాలుగేళ్ళు డ్రైవింగ్ స్కూలు నడిపారు. పక్క సీట్లో కూర్చుని, తన కాళ్ళ దగ్గరుండే రెండో బ్రేకు మీద పాదం పెట్టి, ఊరందరికీ కారు నేర్పారు. మనిషి రిటైరయ్యారు గానీ నోరు రిటైరవలేదు. ఈ ఉదయం అరవై కిలోమీటర్ల సైకిల్ యాత్ర మొదలైన గంటలోపే రెండొందల మంది ఆయన మొహాన దుమ్ము కొట్టి వెళ్ళిపోయారు. వెనక ఈ అమ్మాయి ఒక్కతే మిగిలింది. ఆమెను చూశాక ఆయనకు ప్రాణం లేచొచ్చింది. తనకంటే నిదానంగా తొక్కేవాళ్ళూ ఉన్నారు!

“మొదటిసారా అమ్మా?”

“కాదండీ. ఏటా వస్తాను. ఎప్పుడూ వెనకే వస్తాను.”

“సిగ్గుపడకు. రెండేళ్ళుగా నేనైతే అసలు చేరనే లేదు. సగంలోనే వ్యానెక్కేశాను. ఈసారి కూడా వ్యాన్లోంచి దిగానా, సైకిలు అమ్మేస్తానంది మా ఆవిడ.”

“అంత కోపమా?”

“కోపం కాదు, భయం. గుండెకి స్టెంటు వేసినప్పటి నుంచి ఇంట్లో నన్ను గాజుగ్లాసులా చూస్తున్నారు. తొక్కమని డాక్టరే చెప్పాడే బాబూ అన్నా వినదు. ఈ సైకిలు కూడా పోయిందనుకో, ఇక నేను కుర్చీకి అతుక్కుపోవడమే. నాలుగింటిలోపు ముగింపు గీత దాటాలి. నా కాళ్ళతో దాటాలి.”

మలుపు వచ్చింది. దారి పక్కనున్న బాణం గుర్తు చూసి మాస్టారు తిరిగారు. ఎంతకీ వెనక సైకిలు చప్పుడు లేదు. కాసేపటికి ఆమె రొప్పుతూ వచ్చి కలిసింది. ప్రతి మలుపులోనూ ఇదే తంతు.

“మళ్ళీ దిగావా? మలుపంటే అంత భయమేమిటమ్మా? చూపు చక్రం మీద కాదు, వెళ్ళాల్సిన దారి మీదుండాలి.”

“గుర్తుపెట్టుకుంటాను మాస్టారూ.”

“పైగా ఆ వీపు సంచి ఒకటి! పొద్దున ఇంత లావు లేదే. దిగినప్పుడల్లా ద్రాక్షపళ్ళు గానీ కోస్తున్నావా ఏంటి? తోటవాడు చూశాడంటే ఇద్దర్నీ ఉతికి ఆరేస్తాడు!”

ఆమె పకపకా నవ్వింది గానీ సంచి మాత్రం విప్పలేదు.

నలభై ఎనిమిదో కిలోమీటరు దగ్గర తోటలు అయిపోయి కొండవాలు మొదలైంది. కంకర కాస్తా పిడికెడేసి రాళ్ళయింది. మాస్టారి వెనక చక్రం రెండుసార్లు జారింది. మూడోసారి ఆయన దిగి, సైకిలు పడేసి, గట్టు మీద కూలబడ్డారు. అలసిపోయినవాళ్ళను ఎక్కించుకునే వ్యాను అడ్డదారిన వచ్చి పక్కనే ఆగింది.

“గుండెల్లో నొప్పేమైనా ఉందా? ఆయాసంగా ఉందా?” అంటూ అమ్మాయి దగ్గరికి వచ్చింది.

“గుండె బాగానే ఉంది. కాళ్ళే మొండికేశాయి.”

డ్రైవరు ఆమె వంక చూశాడు. ఆమె కాసేపు ఆగమన్నట్టు చెయ్యి చూపించింది.

మాస్టారు లేచి వ్యాను తలుపు పట్టుకున్నారు. కళ్ళలో నీళ్ళు తిరిగాయి. “మూడో ఏడాది. గీత దగ్గర మా ఆవిడ మడతకుర్చీ వేసుకుని ఎండలో కూర్చుని ఉంటుంది. ఏ మొహం పెట్టుకుని దిగను?”

“మీరెక్కేస్తే నేనొక్కదాన్నే మిగులుతాను మాస్టారూ. గేరు ఎప్పుడు మార్చాలో నాకెవరు చెప్తారు?”

ఆయన చెయ్యి తలుపు మీద అలాగే ఉండిపోయింది. ఇన్నేళ్ళలో ఏ శిష్యుణ్ణీ నడిదారిలో వదిలి దిగిపోయిన మనిషి కాదాయన. “వ్యాను పోనీ బాబూ. ఈ పిల్లను ఒడ్డుకు చేర్చాలి” అన్నారు ముక్కు తుడుచుకుంటూ.

నిటారుగా ఉన్నచోట నెట్టుకుంటూ, వీలున్నచోట తొక్కుకుంటూ ఎక్కారు. ఊపిరి అందకపోయినా మాస్టారి పాఠం ఆగలేదు.

“నీకో రహస్యం చెప్తాను. మొదటిరోజు ప్రతివాడికీ ‘బండి మొత్తం నువ్వే నడిపావురా’ అనేవాణ్ణి. నిజానికి నా కాలు బ్రేకు మీదే ఉండేది!”

“పాపం, వాళ్ళకు తెలిసేది కాదా?”

“తెలిస్తే ధైర్యం ఎక్కణ్ణించి వస్తుందమ్మా?”

ఆమె నవ్వింది. కాస్త ఎక్కువసేపే నవ్వింది.

నాలుగింటికి ఏడు నిమిషాలుందనగా గీత కనబడింది. మాస్టారు పక్కకు జరిగి ఆగారు. “నువ్వు ముందు వెళ్ళు తల్లీ. ఆఖర్న వచ్చానన్న దిగులు నీకెందుకు?”

“అయ్యయ్యో, పెద్దవారు. మీరే ముందు.”

ఎంత బతిమాలినా ఆమె కదల్లేదు. చివరికి మాస్టారే దాటారు. ఆయన భార్య లేచిన ఊపుకి మడతకుర్చీ బోర్లా పడింది.

“వ్యానేదండీ?”

“వ్యానా? తొక్కుకుంటూ వచ్చానే! పైగా ఆఖరివాణ్ణి కూడా కాదు. నా వెనక ఒకమ్మాయి ఉంది. పాపం, నేను లేకపోతే సగంలోనే దిగిపోయేది. వచ్చే ఏడాదికి బాగా తయారుచేస్తాను.”

ఆవిడకు ఏడుపూ నవ్వూ ఒకేసారి వచ్చాయి. “సరేలెండి. సైకిలు అమ్మను. ముందు ఆ మొహం కడుక్కోండి” అంది.

అమ్మాయి గీత దాటి, తిన్నగా నిర్వాహకుడి టేబులు దగ్గరికి వెళ్ళింది.

“దారిలో ఇంకెవరైనా ఉన్నారా అమ్మా?” అడిగాడాయన.

“ఎవరూ లేరు సార్, ఆఖరాయన వెనకే బాణం గుర్తులన్నీ పీక్కుంటూ వచ్చేశాను.”