అక్క ఇప్పుడు లేదండి

కుర్చీలు తెప్పించాలి. మైకు గరగరలాడకుండా చూడాలి. పిల్లల పడకగదిలో కప్పు కారే చోట్ల పెట్టిన బకెట్లు తీసేయకూడదు, వచ్చినవాళ్లకి కనపడాలి. వేదిక మీద ఫోటో ముందు పూలు సర్దాలి. ప్రచురణకర్తకి పంచదార లేని టీ. అన్నిటికంటే ముఖ్యంగా, ఊళ్లోవాళ్లెవరూ నవ్వకుండా చూసుకోవాలి.

ఈ చివరి పనే కష్టమని అనాథ బాలికల వసతిగృహం వార్డెన్‌కి తెలుసు. సాయంత్రం సభ నవలాకారుడిది. ఊరు వదిలి పేరు తెచ్చుకున్నవాడు, సొంతూళ్లో తన పుస్తకం అమ్మి, వచ్చినదంతా వసతిగృహానికే ఇస్తానన్నాడు. పడకగది కప్పు ఈ వానలకి ఆగేలా లేదు. బాగుచేయించకపోతే పిల్లల్ని తలో ఊరికీ పంపేస్తామని అధికారులు తేల్చేశారు. అందుకే వార్డెన్ పొద్దుటినుంచీ ఇల్లిల్లూ తిరిగి ఒకటే మాట చెప్పింది. బయటివాళ్లు ఏమడిగినా తల ఊపండి. నవ్వు వస్తే దగ్గండి.

"నీకోసం దగ్గుతాన్లే అక్కా," అన్నాడు కుర్చీలవాడు. ఆవిణ్ణి అందరూ అక్కా అనే పిలుస్తారు, పాలవాడూ, పోస్టుమాస్టరూ, వసతిగృహం పిల్లలూ. "కానీ ఆ ఫోటో చూశానంటే మాత్రం ఆపుకోవడం నా వల్ల కాదు."

"అయితే చూడకు. నీ కుర్చీలు చూసుకో."

ఫోటో నిలువెత్తున ఉంది. రెండు జడల సన్నటి పిల్ల, కెమెరాకి బెదిరినట్టు చూస్తోంది. నవలంతా ఆ పిల్లదే. తమ్ముడి చదువు కోసం తను బడి మానేసి, కుట్టుమిషన్ తొక్కి, తను పస్తుండి తమ్ముడికి పెట్టి, ఆఖరి పేజీలో వానలో తడిసి కన్నుమూసే అక్క.

అచ్చయిన కొత్తలో ఆ పుస్తకం మొహం ఎవరూ చూడలేదు. దాని దశ ఒక్క ముక్కతో తిరిగింది. ఒక విలేకరి ఫోన్ చేసి, ఇది మీ అక్కగారి కథేనటగా, ఆవిడతో ఓసారి మాట్లాడించండి అని అడిగాడు. "అక్క ఇప్పుడు లేదండి," అన్నాడు నవలాకారుడు. అవతల విలేకరి అయ్యో అని ఫోన్ పెట్టేశాడు. మర్నాడు పత్రికలో ఆ మాటే శీర్షిక. రెండో ముద్రణకి అట్ట మీద ‘యథార్థగాథ’ అన్న మాట వచ్చి చేరింది.

ఊళ్లో మాత్రం అతని కష్టాలు ఎవరికీ మింగుడుపడవు. వీధిదీపం కింద చదువుకున్నానని రాశాడు. వాళ్లింట్లో గదికో దీపం ఉండేది. కడుపు మాడ్చుకున్నానని రాశాడు. అతని చిన్నప్పటి చొక్కాలకి పొట్ట దగ్గర గుండీలు నిలిచేవి కావని దర్జీ ఇప్పటికీ చెబుతాడు.

కారు దిగగానే నవలాకారుడు వార్డెన్‌ని వరండా చివరికి తీసుకెళ్లాడు. ప్రచురణకర్తతో పాటు టీవీవాళ్లు కూడా వచ్చారన్నాడు. సభ అయ్యేదాకా వంటగదిలో ఉంటే బాగుంటుందేమోనని నసిగాడు.

"వేదిక ఎక్కన్లే. చివరి వరసలో పిల్లలతో కూర్చుంటాను," అంది వార్డెన్.

"సరే అక్కా. ఎవరితోనూ ఏం మాట్లాడకు."

"నువ్వు కప్పు సంగతి తేల్చు. నేను నోరు మూసుకుంటాను."

సభ మొదలైంది. నవలాకారుడు ఫోటో వైపు చూసి, కళ్లజోడు తీసి, కళ్లు తుడుచుకుని, మళ్లీ పెట్టుకున్నాడు. కెమెరా ఇంకా తనవైపు తిరగలేదని గమనించి, మళ్లీ తీశాడు. అక్క పోయిన నాటి వాన గురించి మొదలుపెట్టాడు. ఆ ఉరుముల దగ్గరికి వచ్చేసరికి కుర్చీలవాడికి దగ్గు వచ్చింది. అది పోస్టుమాస్టరుకి అంటుకుంది. కాసేపటికి హాలు హాలంతా ఒకటే దగ్గు. దర్జీ అయితే రెండు చేతుల్లో మొహం దాచుకుని భుజాలు కుదిపేస్తున్నాడు. టీవీ అమ్మాయి కెమెరాని అతనివైపు తిప్పించి, ఈ ఊరు ఆ దుఃఖం నుంచి ఇంకా తేరుకోలేదని గద్గదంగా చెప్పింది.

నిజంగా ఏడ్చింది ప్రచురణకర్త ఒక్కడే. లేచి మైకు అందుకున్నాడు. పుస్తకాల డబ్బు మాట పక్కన పెట్టండి, కప్పు మొత్తం నేనే వేయిస్తాను, ఆ గదికి ఆ తల్లి పేరే పెడదాం అని కెమెరా ముందు ప్రకటించాడు. అక్కడికక్కడే తాపీమేస్త్రీని పిలిచి బయానా చేతిలో పెట్టాడు. పిల్లలు బల్లలు చరిచారు. నవలాకారుడికి ఈసారి కళ్లజోడు తీయడం కూడా గుర్తు రాలేదు. పెద్దమనిషి ధాటికి తన ఏడుపు చిన్నబోయిందని మొహం ముడుచుకున్నాడు.

సభ ముగిసింది. ప్రచురణకర్త కారు దాకా వెళ్లినవాడల్లా టీ బాగుందని చెప్పడానికి వార్డెన్ దగ్గరికి వెనక్కి వచ్చాడు. తెల్లజుట్టు, దళసరి కళ్లద్దాలు, ఊళ్లో ఇంత పెద్దావిడ, ఎరిగే ఉంటుందనుకున్నాడు కాబోలు, ఆ అమ్మాయిని మీరెప్పుడైనా చూశారా అని మెల్లగా అడిగాడు.

వార్డెన్ పడకగది వైపు చూసింది. మేస్త్రీ అప్పటికే నిచ్చెన వేసుకుని కప్పు కొలుస్తున్నాడు. కారులోంచి నవలాకారుడు వద్దు వద్దని చేతులు ఊపుతున్నాడు.

"చూడకేమండీ," అంది వార్డెన్. "మా తమ్ముడు రాసినంత మంచిదాన్నేం కాదు గానీ, కాస్త నన్ను గుర్తుపెట్టుకోండి."